ఎత్తే అలసట, దించే అలసట

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం వక్తే రాసి ఇచ్చిన పాఠం.)



ఆరోగ్యం గురించి ఒక అరగంట మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. ముప్పై నాలుగు సంవత్సరాలు ఫైళ్ళ మీద నోట్లు రాసి 2009లో పదవీ విరమణ చేసిన గుమాస్తాను. డి.ఏ. బకాయిల గురించి చెప్పవలసినవారు నా తర్వాత చెబుతారు. ఈ లోపల నేను నా కాళ్ళ గురించి చెప్పుకుంటాను. మీ కాళ్ళ సంగతి కూడా ఇంచుమించు అదే అయి ఉంటుందని నా అనుమానం.

విషయం ఇది. బరువుతో చేసే ఏ వ్యాయామమైనా కండరాన్ని అలసట పెడుతుంది. కాని అన్ని అలసటలూ ఒకటి కావు. చేస్తున్నప్పుడే తెలిసే అలసట ఒకటి. ఒకటి రెండు రోజులు ఆగి వచ్చి తలుపు తట్టే అలసట మరొకటి. ఈ తేడా కుర్రవాళ్ళకు తెలియకపోయినా పెద్ద నష్టం లేదు. డెబ్భై దాటిన మనకు తెలియకపోతే తుంటి ఎముక మీదికి వస్తుంది.

నాకు ఇది ఎలా తెలిసిందో ముందు మనవి చేస్తాను.

మేము ఉండేది కొత్తగూడలో, మా అబ్బాయి దగ్గర. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కొత్తగూడ అంటే నగరానికి బయట ఒక ఊరు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఆ వైపు నేల రూపే మారిపోయింది. 2023 జనవరి 1న చౌరస్తా దగ్గర ఫ్లైఓవరు కూడా తెరిచారు. బొటానికల్ గార్డెన్ ఒక్కటి మిగిలింది కనుక మాబోటివాళ్ళకు పొద్దున్నే నాలుగు అడుగులు వేయడానికి చోటుంది. ఇక జిమ్ముల సంగతి చెప్పనక్కరలేదు. మందుల షాపు పక్కన ఒకటి, దాని మీద ఇంకొకటి. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే పిల్లలు రాత్రి పది గంటలకు వెళ్ళి ఇనుము ఎత్తి వస్తుంటారు. మా మనవడు కూడా ఆ కోవలోనివాడే.

వాడు ఒకరోజు, "తాతయ్యా, నాతోబాటు ఇంట్లోవాళ్ళు ఒకరు వారం రోజులు ఉచితంగా రావచ్చట, నువ్వు రా" అన్నాడు. ఉచితం అనే మాటకు ఉన్న శక్తి మన పెన్షనర్లకు తెలియనిది కాదు. వెళ్ళాను. అక్కడి శిక్షకుడు మంచి కుర్రాడే. "అంకుల్, మీ బాడీ బాగుంది" అన్నాడు. బి.పి. ఉందా, మందులేమైనా వాడుతున్నారా అని మాత్రం అడగలేదు. కాళ్ళతో నెట్టే యంత్రం మీద కూర్చోబెట్టాడు. ఆ తర్వాత చేతుల్లో చిన్న బరువులు పెట్టి, నాలుగు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా కిందికి కూర్చోమన్నాడు, గభాలున లేవమన్నాడు. చివరగా మళ్ళీ యంత్రం మీద బరువు తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, ఇక కాలు కదలదు అనేదాకా చేయించాడు. దానిని డ్రాప్ సెట్ అంటారట.

చిత్రం ఏమిటంటే ఆ నెమ్మదిగా కూర్చోవడంలో నాకు ఆయాసమే రాలేదు. ఇంతేనా అనుకున్నాను. ఇంటికి వచ్చి రెండు పుల్కాలు ఎక్కువ తిన్నాను. మరునాడు ఉదయం తొడలు కొంచెం బిగుసుకున్నట్లు అనిపించింది. ఆ మరునాడు కమోడు మీద కూర్చోవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. అదే రోజు లిఫ్టు రిపేరులో ఉంది. పాల ప్యాకెట్టు కోసం మూడో అంతస్తు నుంచి మెట్లు దిగుతుంటే, రెండో మలుపు దగ్గర మోకాలు నా అనుమతి లేకుండా మడత పడింది. అదృష్టం బాగుండి కూలబడ్డాను గాని దొర్లలేదు. మోచెయ్యి గీరుకుంది. మా ఆవిడ, "ఏమండీ, ఈ వయసులో మీకు మల్లయుద్ధాలు ఎందుకండీ" అని ఆ రోజుతో జిమ్ము ఫైలు మూసేసింది.

నేనూ బుద్ధిగా మూసేశాను. రెండు నెలలు ఏ వ్యాయామమూ లేదు. కూర్చోవడం, పేపరు, టీవీ, కునుకు. అసలు దెబ్బ అప్పుడు తగిలింది. బంధువుల ఇంట గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతానికి చాప మీద కూర్చున్నాను. హారతి వేళకు అందరూ లేచారు, నేను లేవలేదు. భక్తి అనుకున్నారు కొందరు. ఇద్దరు కుర్రాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపితే గాని నిలబడలేకపోయాను. మెట్ల మీద పడినప్పుడు కూడా నాకు అంత సిగ్గు వేయలేదు.

మా సెక్షనులో పనిచేసిన మిత్రుడొకరికి సరిగ్గా ఇలాగే జరిగింది. ఆయన ఒళ్ళు నొప్పులు పుట్టించే పని మనకు పడదని శాశ్వతంగా కూర్చుండిపోయారు. ఇప్పుడు ఆయనను బాత్రూముకు ఒకరు పట్టుకుని తీసుకువెళ్ళాలి. జబ్బేమీ లేదు. కాళ్ళలో కండ లేదు, అంతే. నేను ఆయనను చూసి వచ్చిన మరునాడే ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళాను.

ఆ అమ్మాయి నన్ను చేతులు రొమ్ము మీద కట్టుకుని, మామూలు కుర్చీలో నుంచి ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలనో చేయమంది. నేను తొమ్మిదిసార్లు లేచాను. 70 నుంచి 74 ఏళ్ళ మగవాళ్ళకు 12 కంటే, ఆడవాళ్ళకు 10 కంటే తక్కువ వస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని లెక్క అట. పరీక్షలో ఫెయిలైన విద్యార్థిలాగా నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. ఆయాసం రాని పనికి రెండో రోజు అంత నొప్పి ఎందుకు వచ్చింది? అంత శక్తి ఎక్కడికి పోయింది? ఆమె చెప్పినది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఇప్పుడు చెబుతాను.

మనలో చాలామంది తిరుమల కొండ నడిచి ఎక్కినవాళ్ళే. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు గుండె దడదడలాడుతుంది, చొక్కా తడిసిపోతుంది, గాలిగోపురం చేరేసరికి నాలుక బయటికి వస్తుంది. నేను 1988లో కుటుంబంతో ఎక్కాను. ఎక్కిన మరునాడు కాళ్ళు ఫరవాలేదు. అయితే నేను గొప్పకు పోయి దిగడం కూడా నడిచే దిగాను. దిగేటప్పుడు ఆయాసం లేదు, కబుర్లు చెప్పుకుంటూ దిగాము. రైలెక్కి ఇంటికి వచ్చాక మూడు రోజులు పిక్కలూ తొడలూ పట్టేసి ఆఫీసు మెట్లు పక్కవాటుగా దిగాను. క్యాజువల్ లీవు పెడదామంటే కారణం ఏమని రాయాలో తోచలేదు. ఎక్కడం కష్టం, దిగడం సుఖం అని గుండె అంటుంది. కండరం అలా అనదు.

ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ శరీరాన్ని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండరం మన బరువు ఒక్కసారిగా పడిపోకుండా పట్టుకుని, సాగుతూ సాగుతూ వదులుతుంది. కుదించుకుంటూ చేసే పని ఒకటి, సాగుతూ పట్టి ఆపే పని ఒకటి. మొదటిది ఎత్తడం, రెండవది దించడం అనుకుందాం.

ఈ రెండింటి తేడాను 1952లో ఇంగ్లండులో ముగ్గురు శాస్త్రజ్ఞులు, అబాట్, బిగ్లండ్, రిచీ అనేవారు, చూడముచ్చటగా నిరూపించారు. రెండు సైకిళ్ళను వెనకా వెనకా పెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కాలి. రెండోవారు వెనక్కు తిరిగే పెడలును కాళ్ళతో అడ్డుకోవాలి. తొక్కేవారిది ఎత్తే పని, అడ్డుకునేవారిది దించే పని. గొలుసు ఒకటే గనుక ఇద్దరి బలమూ సమానమే. కాని తొక్కేవారు తగలేసిన ప్రాణవాయువులో చిన్న భాగమే అడ్డుకునేవారికి ఖర్చయింది. తొక్కేవాడు ఆజానుబాహుడైనా, అడ్డుకునే ఆమె చిన్న మనిషైనా ఆమె తేలికగా నెగ్గుకు వచ్చింది. సంసార పక్షంగా ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం ఏముందని మా ఆవిడ అభిప్రాయం.

దించే పనిలో కండరం తక్కువ పోగులతోనే ఆ బరువును నిలబెడుతుంది. అందుకే ఆయాసం రాదు. కాని ఆ కొద్ది పోగులలో ఒక్కొక్కదాని మీద పడే లాగుడు ఎక్కువ. బావి గిలక దగ్గర నీళ్ళు తోడినవాళ్ళకు తెలుసు. నిండిన బొక్కెన పైకి లాగితే భుజాలు అలుస్తాయి. అదే బొక్కెన చేతిలోంచి జారిపోతుంటే తాడు పట్టుకుని ఆపబోతే అరచేయి చెక్కుకుపోతుంది. దించే పనిలో కండరం లోపల అతి సన్నని చోట్ల అలాంటి చెక్కుడే జరుగుతుంది. దానిని బాగు చేయడానికి శరీరం మనుషులను పంపుతుంది, సామాను దింపుతుంది, కొంచెం వాపు వస్తుంది. ఈ మరమ్మతు సందడే మనకు తెలిసే నొప్పి. అది 24 గంటల నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది. నొప్పితోబాటు బలం కూడా కొన్ని రోజులు తగ్గి ఉంటుంది. నా మోకాలు మడత పడింది ఆ తగ్గిన రోజుల్లోనే.

ఇక్కడ ఒక పాత అపోహ గురించి చెప్పాలి. ఒళ్ళు నొప్పులకు కారణం లాక్టిక్ ఆసిడ్ అని మన పిల్లలు కూడా చెబుతారు. బరువు ఎత్తుతున్నప్పుడు కండరంలో మంట పుట్టే వేళ అది పెరిగే మాట నిజమే. కాని ఆపిన తర్వాత గంట, గంటన్నరలో అది మామూలు స్థితికి వచ్చేస్తుంది. నిన్ననే ఊరు విడిచి వెళ్ళినవాడు ఇవాళ జరిగిన దొంగతనానికి ఎలా బాధ్యుడవుతాడు? 1902లోనే అమెరికాలో థియోడర్ హఫ్ అనే ఆయన, ఈ ఆలస్యపు నొప్పి కండరం లోపలి చిన్న చిరుగుల వల్ల అయి ఉంటుందని రాశారు. మరి అప్పటికప్పుడు వచ్చే అలసట మాటేమిటి? కండరం తన చేతి ఖర్చు డబ్బులాంటి ఇంధనాన్ని వాడేసినప్పుడు ఫాస్ఫేట్ పేరుకుపోయి, పోగులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోలేవు. మెదడు కూడా ఆజ్ఞలు తగ్గిస్తుంది. ఈ చేతి ఖర్చు మూడు నుంచి అయిదు నిమిషాలు కూర్చుంటే చాలామటుకు మళ్ళీ జమ అవుతుంది.

మెదడు మాట వచ్చింది కనుక ఒక చిన్న పక్క సంగతి. ఇటలీలో ట్యూరిన్ నగరంలో ఆంజెలో మోసో అనే ప్రొఫెసరు వేలితో బరువు లాగించి అలసట కొలిచే యంత్రం ఒకటి చేశారు. 1891లో అలసట గురించి ఒక గ్రంథమే రాశారు. తోటి ప్రొఫెసర్లు పాఠాలు చెప్పి, పరీక్షలు పెట్టి వచ్చాక వాళ్ళ వేలి బలం కూడా తగ్గడం ఆయన గమనించారు. ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు రాసిన రోజు సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ ఇంటికి చేరిన మనకు ఈ పరిశోధన అవసరం లేదనుకోండి.

ఇప్పుడు ఒక్కో రకం వ్యాయామం సంగతి.

ఎక్కువ బరువు, తక్కువ సార్లు ఎత్తేవాళ్ళు మన కరణం మల్లీశ్వరి లాంటివారు. ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి వెళ్ళి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన తల్లి. ఒలింపిక్సులో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. టీవీలో ఆ పోటీలు చూసినప్పుడు మీరు ఒకటి గమనించే ఉంటారు. బరువు తలపైన నిలిపి, గంట మోగగానే దానిని ధడేలుమని కింద పడేస్తారు. అది నిర్లక్ష్యం అనుకునేవాడిని. ఇప్పుడు తెలిసింది, వాళ్ళు దించే పనిని చాలావరకు ఎగ్గొడుతున్నారు. మధ్యలో నిమిషాల తరబడి విశ్రాంతి కూడా తీసుకుంటారు. అందువల్ల అంత బరువు ఎత్తినా, తరచుగా సాధన చేయగలుగుతారు.

మన తల్లుల పని కూడా ఇలాంటిదేనని నాకు తోస్తుంది. మా అమ్మ గంటల తరబడి వడ్లు దంచేది. రోకలి ఎత్తడమే ఆమె పని, దిగే రోకలిని ఆపవలసిన అవసరం లేదు. బావిలోంచి చేద లాగడమూ అంతే, ఖాళీ చేద తనంతట తానే దిగుతుంది. సాయంత్రానికి అలసేది గాని, మరునాడు తెల్లవారుజామునే మళ్ళీ రోలు దగ్గర ఉండేది. ఇదంతా ఆమె ఇష్టపడి చేసిన వ్యాయామం అని నేను అనడం లేదు.

తక్కువ బరువు, ఎక్కువ సార్లు అనే పద్ధతి మన తాలింఖానాలది. పాతబస్తీలో పహిల్వాన్లు వందల కొద్దీ దండీలు, బైఠక్‌లు తీసేవారు. స్కూల్లో మాస్టారు తీయించిన గుంజీలూ ఇదే జాతి. ఇందులో పైకి లేవడం ఉంది, కిందికి దిగడమూ ఉంది. అలవాటైనవాడికి ఏమీ కాదు. ఏడాదికొకసారి లెక్క తప్పి వంద గుంజీలు తీసిన నాలాంటివాడికే మరునాడు స్కూలు ఎగ్గొట్టాలనిపించేది. జిమ్ములో తేలిక బరువును ఇక చేతకాదు అనేదాకా లాగించే పద్ధతి కూడా దీని తమ్ముడే. అందులో మంట ఎక్కువ, తేరుకోవడానికి పట్టే కాలమూ ఎక్కువ. ఇంకా రెండు మూడుసార్లు చేయగలిగే ఓపిక ఉండగానే ఆపినా బలం దాదాపు అంతే వస్తుందని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. ఈ ఒక్క సంగతి ఆ శిక్షకుడికి తెలిసి ఉంటే నా మోచెయ్యి బాగుండేది.

మూడోది కదలకుండా పట్టి ఉంచే పని. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు కదలబోయే కార్లను గొలుసులతో పట్టి ఆపేవారని మన పెద్దలు చెప్పగా విన్నాము. అలాంటిది మనం చేయం గాని, బియ్యం బస్తాను బిగబట్టి ఎత్తుతాం, మొరాయించిన కిటికీని ఊపిరి బిగించి నెడతాం. గట్టిగా పట్టి ఉంచినప్పుడు కండరమే తన రక్తనాళాలను నొక్కేసుకుంటుంది, రక్తం అందక తొందరగా అలుస్తుంది. ఊపిరి కూడా బిగబడితే రక్తపోటు ఎగసిపోతుంది. 1985లో కెనడాలో మెక్‌డూగల్ బృందం, బలిష్ఠులైన యువకులు రెండు కాళ్ళతో భారీ బరువు నెడుతుండగా ధమనిలోనే కొలిస్తే సగటున 320/250 దాకా పోయింది. మనకు 150 దాటితేనే ఇంట్లో ఉప్పు డబ్బా దాచేస్తారు. కనుక ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి బిగబట్టడం సాధ్యం కాదు. ఇది ఆ ఫిజియోథెరపిస్టు చెప్పిన చిట్కా.

అయితే దించే పని చెడ్డది కనుక మానుకోవాలా? నేనూ ఇదే అడిగాను. ఆమె నవ్వి, "మీరు మెట్లు దిగరా సార్? కుర్చీలో కూర్చోరా?" అంది. నిజమే. కుర్చీలో కూర్చోవడం కూడా దించే పనే. మనలో చాలామంది కూర్చోవడం లేదు, సగం దూరం నుంచి కుర్చీలోకి పడుతున్నాం. దించే బలం లేకపోవడమే అది. పైగా గుండెకు ఖర్చు తక్కువ కాబట్టి ముసలి శరీరానికి ఇది లాభసాటి బేరం. మోతాదు తప్పితేనే చిక్కు. ఒకసారి కొద్దిగా చేసి నొప్పి పడితే, కండరం దానిని గుర్తు పెట్టుకుంటుంది. అదే పని మళ్ళీ చేస్తే నొప్పి చాలా తక్కువ. ఈ రక్షణ కొన్ని వారాలపాటు నిలుస్తుంది. కాబట్టి మొదటి రోజు వీరత్వం పనికిరాదు.

నేను గుమాస్తాను కనుక ఒక రిజిస్టరు తెరిచాను. తేదీ, చేసిన పని, అప్పటి అలసట, మరునాటి నొప్పి, మూడోనాటి నొప్పి, అయిదు గడులు. కుర్చీ వెనుక గోడ, పక్కన మా ఆవిడ. మొదటి రోజు అయిదు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవడం, ఆరుసార్లు మాత్రమే. రాసుకున్నది చదువుతాను. "అలసట లేదు. మరునాడు తొడలు కొంచెం. మూడోనాడు కొంచెం. మెట్లు రెయిలింగుతో." మూడో వారం పదిసార్లు, "మరునాడు స్వల్పం". ఆరో వారం పదిసార్లు రెండు విడతలు, మరునాటి గడిలో సున్న, మూడోనాటి గడిలో సున్న. ఒక వారం ఊరికి వెళ్ళి వచ్చి ఉత్సాహం కొద్దీ మెట్ల మీద నాలుగు అంతస్తులు దిగితే మళ్ళీ "పిక్కలు, రెండు రోజులు" అని ఎర్ర సిరాతో ఉంది. నాలుగు నెలలకు ముప్పై సెకన్లలో పదమూడుసార్లు లేచాను. నెమ్మదిగా దించే కుర్చీ పనితోబాటు, వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, నీళ్ళ సీసాలు రెండు చేతులతో భుజాల పైకి నెట్టడం కూడా చేశాను. వారానికి రెండే రోజులు, మధ్యలో కనీసం రెండు రోజులు ఖాళీ. ఆ ఖాళీ రోజుల్లోనే మరమ్మతు జరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా 65 దాటినవాళ్ళు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని చేయాలని, మూడు రోజులు పట్టు తప్పకుండా నిలబడే సాధన చేయాలని ఉంది. ఈ వయసులో కండ పెరుగుతుందా అని అనుమానించేవారికి 1990 నాటి ఒక పరిశోధన చెబుతాను. అమెరికాలో బోస్టన్ నగరంలో వృద్ధాశ్రమంలో ఉన్న, తొంభై ఏళ్ళ వయసువారు పదిమందికి ఫియాటరోన్ అనే డాక్టరమ్మ ఎనిమిది వారాలు కాళ్ళకు బరువులు ఎత్తించారు. తొమ్మిదిమంది చివరిదాకా చేశారు. వాళ్ళ కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళకు. మనం ఇంకా జూనియర్లం.

మా కాలనీ పార్కులో పెట్టిన ఇనుప సామాను గురించి అడుగుతున్నారు కొందరు. గాలిలో కాళ్ళు ఊపే యంత్రం కీళ్ళకు మంచిదే, సరదాగానూ ఉంటుంది. కాని అందులో బరువు లేదు, బలం రాదు. పేపరు చదువుతూ ఊగుతున్నామంటేనే తెలియడం లేదా?

తిండి సంగతి ఒక్క మాట. మరమ్మతుకు సామాను కావాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు. అరవై కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. రెండు పూటలా చారన్నం, పచ్చడి మెతుకులతో అది రాదు. పప్పు, పెరుగు, గుడ్డు, మీ మీ ఆచారాన్ని బట్టి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి పెంచండి.

ఇప్పుడు జాగ్రత్తలు. కొలెస్టరాలు తగ్గించే స్టాటిన్ మాత్రలు మనలో సగంమంది మింగుతున్నాం. కొందరికి వాటివల్లనే కండరాల నొప్పులు వస్తాయి. వ్యాయామం చేయకపోయినా రెండు కాళ్ళూ నొప్పిగా ఉంటే డాక్టరుకు చెప్పండి, మాత్ర మీ అంతట మీరే మానకండి. రెండోది, ఎన్నడూ చేయని పని ఒక్కసారిగా ఎక్కువగా చేశాక మూత్రం ముదురు టీ రంగులో వస్తే, అది మామూలు నొప్పి కాదు. కండరం బాగా దెబ్బతిని దాని సరుకు మూత్రపిండాల్లోకి దిగుతోందన్నమాట. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి, తెల్లారనిద్దాం అనకూడదు. ఎండాకాలంలో నీళ్ళు తాగకుండా చేస్తే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. గుండె ఆపరేషను, కంటి ఆపరేషను అయినవాళ్ళు, బి.పి. అదుపులో లేనివాళ్ళు ముందు తమ డాక్టరును అడగకుండా ఏదీ మొదలుపెట్టవద్దు. కండరం నొప్పి రెండు పక్కలా వచ్చి మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. కీలులో గుచ్చినట్లు ఒకే చోట నొప్పి వస్తే అది వేరే ఫైలు.

మా మనవడు మొన్న మళ్ళీ జిమ్ముకు రమ్మన్నాడు. ఈసారి వెళ్ళాను. అదే యంత్రం, అదే కుర్రాడు. "అంకుల్, ఇంకో రెండు" అన్నాడు. ఇంకో రెండు చేయగలను, అందుకే ఆపుతున్నాను అన్నాను. వాడికి అర్థం కాలేదు. రిజిస్టరు చూపిస్తే ఫోటో తీసుకున్నాడు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. టీ, బిస్కెట్లు కింద సెల్లారులో ఏర్పాటు చేశారట. లిఫ్టు దగ్గర అప్పుడే బారు కట్టారు. మెట్ల మీదుగా వెళ్ళేవాళ్ళు రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ నెమ్మదిగా దిగండి. ఆరు మెట్లే ఉన్నాయి, నేను వచ్చేటప్పుడు లెక్కపెట్టాను.

సెలవు.